ఎరిస్‌బెగ్ ఎక్కడం ఎలా: ఐర్లండ్ పడమటి అంచున ఒక చిన్న మొండి కొండ

గాల్వే నుంచి కారులో రౌండ్‌స్టోన్ ఊళ్లోకి దిగుతుంటే ఇళ్ల వెనకాల ఒక కొండ కనిపిస్తుంది. అదే ఎరిస్‌బెగ్. ఎత్తు 300 మీటర్లు. పడవల రేవు దగ్గర నిలబడి చూస్తే పచ్చగా, మెత్తగా, అక్కడక్కడ బూడిద రంగు మచ్చలతో ఉంటుంది. "ఇదెంత, అరగంటలో ఎక్కి దిగొచ్చు" అనిపిస్తుంది. మొదటిసారి నేనూ అదే అనుకుని తెల్ల స్నీకర్లు, జీన్స్‌తో బయల్దేరాను. తిరిగి రేవు దగ్గరికి వచ్చేసరికి నాలుగు గంటలు పట్టింది. జీన్స్ మోకాళ్ల దాకా నల్లగా ఉంది. ఎడమ కాలి స్నీకరు రంగేమిటో చెప్పడం కష్టం.

దూరపు కొండలు నునుపు అంటారు కదా, ఆ మాటకి ఎరిస్‌బెగ్‌ని మించిన సాక్ష్యం నేను చూడలేదు. ఆ పచ్చదనం గడ్డి మైదానం కాదు, నీళ్లు పీల్చుకున్న స్పాంజి లాంటి చిత్తడి. ఆ బూడిద మచ్చలు మనిషెత్తు రాళ్లు. పైదాకా సరైన దారి లేదు, మెట్లు లేవు, బాణం గుర్తులు లేవు. అలిపిరిలో 3,550 మెట్లు ఎక్కినవాళ్లకి కూడా ఇది కొత్తగానే ఉంటుంది. అక్కడ ఆయాసంతో పోరాటం. ఇక్కడ ఆయాసం తక్కువ, ప్రతి అడుగూ ఎక్కడ వేయాలో ఆలోచించడం ఎక్కువ. ఆ తర్వాత ఇంకో మూడుసార్లు ఎక్కాను. డబ్లిన్, గాల్వే, లిమరిక్‌ల నుంచి లాంగ్ వీకెండ్‌కి ఈ కొండ ఉన్న కన్నెమరా ప్రాంతానికి వెళ్లే మనవాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

అన్నట్టు, కన్నెమరా అనే మాట మనకి కొత్తది కాదు. చెన్నై ఎగ్మూరులోని కన్నెమరా లైబ్రరీకి ఆ పేరు 1886 నుంచి 1890 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న లార్డ్ కన్నెమరా వల్ల వచ్చింది. ఆయన బిరుదులో ఉన్నది ఈ ప్రాంతం పేరే.

1. ముందు రోజు చూసుకోండి, తర్వాతే కొండ

ఐర్లండ్ పడమటి వైపు కొన్ని చోట్ల ఏడాదిలో దాదాపు 225 రోజులు వాన పడుతుంది. కాబట్టి వాన లేని రోజు కోసం కూర్చుంటే కొండ ఎక్కరు. చూడాల్సింది రెండే: గాలి, మబ్బు ఎత్తు.

జల్లు పడితే తడుస్తాం, అంతే. గాలి అలా కాదు. ఎరిస్‌బెగ్‌కి పడమట అట్లాంటిక్ తప్ప అడ్డం ఏమీ లేదు. మెట్ ఏరన్ వాతావరణ శాఖ యాప్‌లో గాల్వే జిల్లాకి ఎల్లో విండ్ వార్నింగ్ ఉన్నా సరే, ఆ రోజు కొండ మానేసి ఊళ్లో చేపల సూప్ తాగండి. 300 మీటర్ల ఎత్తుకి ఉష్ణోగ్రత మహా అయితే రెండు డిగ్రీలు తగ్గుతుంది. చలి పుట్టించేది ఎత్తు కాదు, తడి బట్టల మీద కొట్టే గాలి.

మబ్బు సంగతి ఇంకా సులువు. రేవు దగ్గర నిలబడి తల ఎత్తండి. కొండ శిఖరం కనిపించకపోతే ఎక్కకండి. పైన ఒక్క శిఖరం కాదు, ఒకేలా ఉండే రాతి బొడిపెలు వరసగా ఉంటాయి. పొగమంచులో ఏది ఏదో తెలియదు. పైగా ఇంత కష్టపడి ఎక్కేది చుట్టూ చూడడానికే, తెల్ల గోడని చూడడానికి కాదు.

వెలుతురు లెక్క కూడా వేసుకోవాలి. జూన్‌లో రాత్రి పది దాకా పొద్దు ఉంటుంది. డిసెంబర్‌లో నాలుగున్నర కాకుండానే పొద్దు గూకుతుంది. శీతాకాలంలో వెళ్తే పొద్దున పదికల్లా కొండ కింద ఉండాలి. నన్నడిగితే మే మొదట్లో గానీ సెప్టెంబర్‌లో గానీ వెళ్లమంటాను. ఆగస్టులో అందం ఎక్కువ: ఊదా రంగు హెదర్ పూలు, పసుపు గోర్స్ పూలు పక్కపక్కనే పూసి కొండంతా పసుపు కుంకుమ చల్లినట్టుంటుంది. కానీ గాలి లేని సాయంత్రాల్లో మిడ్జ్ అనే చిన్న దోమలు ముఖాన్ని వదలవు.

2. టైం లెక్క

ఊళ్లోంచి పైకి దాదాపు మూడు కిలోమీటర్లు. కొండల మీద నడకకి నైస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన 1892లో ఒక లెక్క చెప్పాడు: ఐదు కిలోమీటర్లకి ఒక గంట, దాని మీద ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. ఆ లెక్కన ఎరిస్‌బెగ్‌కి గంటా ఐదు నిమిషాలు చాలు. నేల బాగుంటే చాలేవి కూడా. ఇలాంటి నేల మీద ఆ లెక్కని దాదాపు రెట్టింపు చేసుకోండి. ఎక్కడానికి రెండు గంటల లోపు, దిగడానికి గంటన్నర, పైన కూర్చోవడానికి అరగంట. మొత్తం నాలుగు గంటలు పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

బయల్దేరే ముందే ఒక టైం అనుకోండి: ఉదాహరణకి "రెండున్నరకి ఎక్కడ ఉంటే అక్కడి నుంచే వెనక్కి." పైన "ఇంకో పది నిమిషాలే కదా" అనేవాడు ప్రతి గుంపులో ఒకడు ఉంటాడు. మా గుంపులో అది నేనే.

3. ఒంటి మీద ఏముండాలి, సంచిలో ఏముండాలి

చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలన్నట్టు, చిన్న కొండకైనా పెద్ద కొండ సరంజామాతోనే వెళ్లండి.

జీన్స్ వద్దు. తడిస్తే బరువెక్కుతాయి, ఆరవు, మోకాలు వంగనివ్వవు. కాటన్ టీషర్టు, కాటన్ మేజోళ్లు కూడా అంతే. పాలియెస్టర్ ట్రాక్ ప్యాంటు మేలు. పైన పలచని చొక్కా, దాని మీద ఫ్లీస్, అన్నిటి మీదా గాలిని ఆపే రెయిన్ జాకెట్. ఒక్క లావు స్వెటర్ కన్నా మూడు పలచని బట్టలు మంచివి. ఎక్కేటప్పుడు తీసేస్తాం, పైన వేసుకుంటాం. మేజోళ్లు ఉన్నివి, సంచిలో ఇంకో జత. మే నెలయినా సరే ఉన్ని టోపీ ఒకటి.

బూట్లు చీలమండ పైదాకా ఉండాలి. అడుగున లోతైన గాడులు ఉండాలి. వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నా ఎక్కువ ఆశపడకండి, ఈ బురద పైనుంచి లోపలికి వస్తుంది. చేతికర్ర ఒకటి తప్పకుండా ఉండాలి, దాని పని ముందు ముందు చెప్తాను.

నీళ్లు లీటరు, ఛార్జింగ్ నిండా ఉన్న ఫోను, పవర్ బ్యాంకు, హెడ్‌టార్చి, ఈల, చిన్న ఫస్ట్ ఎయిడ్ డబ్బా. తిండికి పులిహోరని మించింది లేదు. ప్రోటీన్ బార్లు, శాండ్‌విచ్‌లు అన్నీ పెట్టి చూశాను. చలిగాలిలో చేతి గ్లవ్ ఒకటి తీసి, డబ్బా మూత తెరవగానే ఇంగువ వాసన తగిలితే వచ్చే ఓపిక వేరు. థర్మాస్‌లో టీ ఉంటే ఇంకేం కావాలి.

మ్యాప్ విషయంలో పొదుపు చేయకండి. ఐర్లండ్ సర్వే మ్యాపుల్లో 1:50,000 స్కేలు డిస్కవరీ సిరీస్ 44వ షీటులో ఈ కొండ ఉంటుంది. ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోండి, కాగితం మ్యాపూ దిక్సూచీ కూడా పెట్టుకోండి. తడి వేళ్లతో టచ్ స్క్రీన్ పనిచేయదని అక్కడే తెలుస్తుంది.

4. ఊరు, సందు, గేటు

గాల్వే నుంచి ఎన్59 రోడ్డు మీద ఊటెరార్డ్, మామ్ క్రాస్ దాటి, తర్వాత ఆర్341కి తిరిగితే రౌండ్‌స్టోన్. దాదాపు 80 కిలోమీటర్లు, గంటన్నర పడుతుంది. రోడ్డు మీద గొర్రెలు పడుకుని ఉంటాయి. హారన్ కొట్టినా లేవవు, తొందరపడకండి.

ఊరిని 1820ల్లో అలెగ్జాండర్ నిమ్మో అనే స్కాట్లండ్ ఇంజినీరు రేవుతో సహా కట్టించాడు. రౌండ్‌స్టోన్ అంటే గుండ్రాయి అనుకుంటాం. ఐరిష్‌లో అసలు పేరు క్లోహ్ న రోన్, అంటే సీల్ అనే సముద్ర జంతువుల రాయి. 'రోన్' ఇంగ్లిష్ వాళ్ల చెవిలో పడి 'రౌండ్' అయింది. ఎరిస్‌బెగ్ కూడా ఐరిష్ మాటే, చిన్న ద్వీపకల్పం అని అర్థం. పేరులో కొండ అనే మాటే లేదు.

కారు ఊళ్లోనే పెట్టండి. సందు చివర గేటు దాకా తీసుకెళ్లొచ్చని మ్యాప్ చూపిస్తుంది, కానీ అక్కడ జాగా లేదు, ట్రాక్టరు తిరగాలి. మెయిన్ రోడ్డు మీద ఓడౌడ్స్ అనే పబ్ దగ్గర కొండవైపు ఎక్కే చిన్న సందు ఉంది. అదే దారి. రెండు పక్కలా ఎర్రటి ఫ్యూషియా పూల కంచెలు, రాతి గోడలు, కొన్ని ఇళ్లు. ఒక కిలోమీటరున్నర నడిచాక తారు అయిపోయి గేటు వస్తుంది.

గేటు దగ్గర ఒక్క నిమిషం. ఐర్లండ్‌లో కొండ మీద నడవడం హక్కు కాదు. స్కాట్లండ్‌లో 2003 చట్టం ఆ హక్కు ఇచ్చింది, ఇక్కడ అలాంటిది లేదు. చాలా కొండలు రైతుల సొంత భూమి, లేదా ఊరి రైతులంతా కలిసి గొర్రెలు మేపుకునే ఉమ్మడి భూమి. వాళ్లు ఊరుకుంటున్నారు కాబట్టే మనం నడుస్తున్నాం. గేటు మూసి ఉంటే మూసే వెళ్లండి, తెరిచి ఉంటే తెరిచే ఉంచండి. కుక్కని తీసుకెళ్లకండి. రైతు ఎదురైతే ఆగి పలకరించండి. "లవ్లీ డే" అనడానికి ఎండ ఉండాల్సిన అవసరం లేదు, వాన లేకపోతే చాలు.

5. చిత్తడి మీద నడక

ఇక్కడి నుంచి అసలు పని. గేటు దాటాక కొంతదూరం గొర్రెలు, మనుషులు తొక్కిన జాడ కనిపిస్తుంది. తర్వాత అది రెండుగా, నాలుగుగా చీలిపోయి మాయమవుతుంది. కంగారు పడకండి. రాతి శిరస్సుని కంటి ఎదుట పెట్టుకుని పడమటికి మెల్లగా ఎక్కుతూ పోవడమే.

కాళ్ల కింద ఉన్నది పీట్. వేల ఏళ్లుగా కుళ్లీ కుళ్లకుండా పేరుకున్న నాచు, గడ్డి. నల్లటి వెన్నలా ఉంటుంది. దాని మీద నడవడానికి రంగులు చదవడం నేర్చుకోవాలి.

బాగా మెరిసే లేత పచ్చ రంగు కనిపిస్తే పక్కకి తప్పుకోండి. అది స్ఫాగ్నమ్ అనే నాచు, తన బరువుకి ఎన్నో రెట్ల నీళ్లు పట్టి ఉంచుతుంది. కొన్ని చోట్ల అదే నాచు ముదురు ఎరుపులో ఉంటుంది, అదీ అంతే. తెల్లటి దూది పింజలు గాలికి ఊగుతుంటే ఫొటో తీసుకోండి, కానీ అటు వెళ్లకండి. అది బాగ్ కాటన్, తడి నేలలోనే పెరుగుతుంది. గుండ్రటి పొడుగు తుంగ గడ్డి ఉంటే కింద నీళ్లున్నట్టే. నేల బురద నల్లగా, గడ్డి లేకుండా, నున్నగా మెరుస్తుంటే అసలు వద్దు. హెదర్ పొదలు ఉన్నచోట, రాయి బయటికి కనిపించే చోట నేల గట్టిగా ఉంటుంది. హెదర్‌కి వేళ్లు తడవడం ఇష్టం ఉండదు. కాబట్టి ఊదా రంగు నుంచి బూడిద రంగుకి, బూడిద రంగు నుంచి ఊదా రంగుకి అడుగులు వేసుకుంటూ పోవాలి. వంకర టింకరగా వెళ్లినా అదే దగ్గర దారి.

అనుమానం ఉన్న చోట కర్రతో పొడవండి. రెండు అంగుళాలు దిగి ఆగితే వేయొచ్చు. మెత్తగా దిగుతూనే ఉంటే వేయకూడదు.

మొదటిసారి నాకు ఈ లెక్క తెలియదు. చక్కటి పచ్చిక అనుకుని ఎడమ కాలు పెట్టాను. మోకాలి దాకా దిగబడింది. చల్లటి నీళ్లు మేజోడులోకి కారడం, కింద ఏదో కాలిని పట్టుకున్నట్టు బిగియడం ఇప్పటికీ గుర్తుంది. భయంతో గట్టిగా లాగాను. కాలు వచ్చింది, స్నీకరు రాలేదు. నాతో వచ్చిన ఫ్రెండుది భీమవరం దగ్గర పల్లె, చిన్నప్పుడు వాళ్ల నాన్నతో కలిసి దమ్ము చేసిన మడిలో నడిచినవాడు. నవ్వడం ఆపి, "ఒరేయ్, లాగకురా. మడిలో నడిచినట్టు నడు. మడమ ముందు లేపు, గాలి వెళ్లనీ, తర్వాత వేళ్లు" అన్నాడు. బోర్లా పడుకుని చెయ్యి పెట్టి నా స్నీకరు వాడే తీశాడు. ఆ ఒక్క మాటే నాకు ఈ కొండ మీద అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది.

దిగబడితే చేయాల్సింది అదే. ముందు కదలకుండా ఆగండి. వెనక ఉన్న గట్టి నేల మీదికి ఒళ్లు వాల్చండి, లేదా కూర్చోండి. కాలిని పక్కలకి మెల్లగా ఊపుతూ మడమ ముందు లేపండి. బురద పట్టు వదులుతుంది. మోకాలి లోతు దిగితే ప్రాణానికేమీ కాదు, కానీ హడావిడిగా లాగితే మోకాలు మెలిపడుతుంది.

ఇలాంటి పొరపాటు మీ ఒక్కరిదే కాదని చెప్పడానికి ఒక సంగతి. 1919 జూన్ 15న ఆల్కాక్, బ్రౌన్ అనే ఇద్దరు ఆగకుండా అట్లాంటిక్ దాటిన మొదటి విమానాన్ని దింపింది ఇక్కడికి దగ్గర్లోనే, క్లిఫ్డెన్ ఊరి పక్కన డెరిగిమ్లాలో. పైనుంచి చక్కటి పచ్చిక మైదానంలా కనిపించిందట. అది ఇలాంటి చిత్తడే. విమానం ముక్కు భూమిలో గుచ్చుకుని తోక పైకి లేచి ఆగిపోయింది. ఇద్దరికీ ఏమీ కాలేదు.

6. రాతి భాగం

పైకి పోయేకొద్దీ చిత్తడి తగ్గి రాళ్లు ఎక్కువవుతాయి. ఈ కొండ రాయి గాబ్రో రకం, ముదురు రంగులో, గరుకు కాగితంలా ఉంటుంది. ఎండలో అయితే బూటు అతుక్కుపోయినట్టు నిలుస్తుంది. తడిసినా చాలావరకు పట్టు ఇస్తుంది. జారేది రాయి కాదు, రాయి మీద పాకిన నాచు, రెండు రాళ్ల మధ్య వాలుగా పెరిగిన గడ్డి.

ఇక్కడ మూడు జాగ్రత్తలు చాలు. హెదర్ కప్పేసిన సందుల్లో కాలు ఇరుక్కుంటుంది కాబట్టి కనిపించని చోట అడుగు పెట్టకండి. కర్రని సంచికి కట్టేసి, చేతులు వాడండి. ఎక్కే ముందు దిగగలమా అని ఒక్కసారి వెనక్కి చూసుకోండి. నిటారుగా అనిపిస్తే చుట్టూ తిరిగి వెళ్లే దారి ఎప్పుడూ ఉంటుంది, ఈ కొండ మీద తాడు అవసరమైన చోటికి వెళ్లాల్సిన పనే లేదు.

మొదటి బొడిపె ఎక్కగానే "వచ్చేశాం" అనిపిస్తుంది. అటువైపు ఇంకోటి కనిపిస్తుంది. అదీ ఎక్కితే ఇంకోటి. పిల్లలు ఇక్కడే అలుగుతారు, ముందే చెప్పి ఉంచండి. మ్యాప్ మీద 300 అని రాసి ఉన్న చోటే శిఖరం. జీపీఎస్‌తో సరిచూసుకోండి. ప్రతి బొడిపె దగ్గరా వెనక్కి తిరిగి ఒక ఫొటో తీయండి. అందం కోసం కాదు, దిగేటప్పుడు దారి పోల్చుకోవడానికి. ఎక్కేటప్పుడు మన వీపు చూసిన కొండ, దిగేటప్పుడు మన కళ్లు చూసే కొండ వేరువేరుగా ఉంటాయి.

7. పైన

గాలి పడని వైపు ఒక రాయి చూసుకుని కూర్చోండి. జాకెట్ చలి వేయకముందే వేసుకోండి. డబ్బా తెరవండి.

ముందు ఉత్తరం చూడండి. ఎక్కేటప్పుడు ఇది కనిపించదు, అంచు దాటగానే ఒక్కసారిగా పరుచుకుంటుంది. దాని పేరు రౌండ్‌స్టోన్ బాగ్. గోధుమ రంగు నేలలో లెక్కపెట్టలేనన్ని కుంటలు, కుంటల్లో చిన్న చిన్న లంకలు. ఆకాశం అద్దం కిందపడి ముక్కలైనట్టు ఉంటుంది. ఇళ్లు లేవు, స్తంభాలు లేవు. దాని వెనక ట్వెల్వ్ బెన్స్ కొండల వరస, అందులో ఎత్తైన బెన్‌బాన్ 729 మీటర్లు. మన కొండకి రెండింతల కన్నా ఎత్తు. అయినా నాకు అక్కడి నుంచి చూసిన దృశ్యం కన్నా ఇక్కడి నుంచి చూసిందే నచ్చింది. పెద్ద కొండల మధ్య నిలబడితే పక్క కొండే కనిపిస్తుంది. ఎరిస్‌బెగ్ ఒంటరిది, నాలుగు వైపులా ఖాళీ.

వాయవ్యాన క్లిఫ్డెన్ వైపు చూస్తే ఆ డెరిగిమ్లా చిత్తడి. 1907లో మార్కోనీ అట్లాంటిక్ మీదుగా వైర్‌లెస్ సందేశాల వ్యాపారం మొదలుపెట్టింది కూడా అక్కడి నుంచే.

ఇప్పుడు దక్షిణానికి తిరగండి. కింద రెండు తెల్లటి బీచ్‌లు వీపుకి వీపు ఆనించుకుని కనిపిస్తాయి. ఒకటి గర్టీన్, ఇంకోటి డాగ్స్ బే. ఒకప్పుడు విడిగా ఉన్న లంకని ఇసుక వచ్చి నేలకి కలిపేసింది, ఆ ఇసుక మెడకి అటొక బీచ్, ఇటొక బీచ్. ఎండ పడితే నీళ్లు లేత నీలం నుంచి పచ్చలోకి మారతాయి, అక్కడి చలి తెలియని వాళ్లు అండమాన్ అనుకుంటారు. ఆగ్నేయాన దగ్గర్లో ఇనిష్‌లాకన్ లంక, దూరంగా సముద్రం మీద బల్లపరుపుగా ఏరన్ దీవులు. పడమట నేల అంతా అయిపోయిన చోట స్లైన్ హెడ్ దగ్గర లైట్‌హౌస్. దాని తర్వాత అమెరికాయే.

కిందికి కూడా ఒకసారి చూడండి. మీరు కూర్చున్న రాయి పక్కన హెదర్ పూలు దగ్గర్నుంచి చూస్తే అన్నీ ఒకటి కావు. ఈ ప్రాంతంలో మెకేస్ హీత్ అనే రకం ఉంది. ఆకులు కాడ చుట్టూ నాలుగేసి చొప్పున ఉంటాయి, కొమ్మ చివర గులాబీ రంగు గంటల గుత్తి. ప్రపంచంలో సహజంగా ఇది పెరిగేది ఐర్లండ్ పడమటి వైపు, ఉత్తర స్పెయిన్‌లో మాత్రమే. రౌండ్‌స్టోన్ పరిసరాల్లో దీన్ని 1830ల్లో విలియం మెక్కాలా అనే ఆయన గుర్తించాడు. కోయకండి. ఫొటో చాలు.

8. దిగడం

వచ్చిన దారినే దిగండి. దక్షిణాన బీచ్ కనిపిస్తోంది కదా, నేరుగా దిగిపోదాం అనిపిస్తుంది. మధ్యలో నిటారు రాళ్లు, తర్వాత ముళ్ల గోర్స్, తర్వాత ఎవరిదో పొలం కంచె. ఒకసారి ప్రయత్నించి సగంలోంచి వెనక్కి ఎక్కాను.

అంతకన్నా ముఖ్యం: ఏ కారణంగానైనా ఉత్తరానికి మాత్రం దిగకండి. అటు వాలు తేలికగానే ఉంటుంది, అదే దాని మోసం. కింద ఆ కుంటల మధ్య కిలోమీటర్ల కొద్దీ దారి లేదు. పైన ఉండగా మబ్బు కమ్మితే కూర్చోండి, పది పదిహేను నిమిషాలు ఆగండి, చాలాసార్లు విడిపోతుంది. విడిపోకపోతే దిక్సూచి పట్టుకుని తూర్పు వైపు, ఊరి వైపు, ఫొటోలు చూసుకుంటూ మెల్లగా రండి. అందరూ ఒకరికొకరు కనిపించేంత దూరంలోనే ఉండాలి.

మోకాళ్లకి దిగడమే కష్టం. కర్ర మళ్లీ బయటికి తీయండి, చిన్న అడుగులు వేయండి. జారిపడేవాళ్లలో ఎక్కువమంది పైన కాదు, గేటు కనిపించిన తర్వాత, మాటల్లో పడి జారతారు.

9. ఏదైనా జరిగితే

112 గానీ 999 గానీ కొట్టి "మౌంటెన్ రెస్క్యూ" అడగండి. పోలీసు కాదు, అంబులెన్సు కాదు, ఆ రెండు మాటలే ముందు. ఎక్కడున్నారో జీపీఎస్ అంకెలతో చెప్పండి. వచ్చేవాళ్లు వాలంటీర్లు, డబ్బు అడగరు. సిగ్నల్ లేకపోతే ఈల: నిమిషానికి ఆరుసార్లు, ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరు. టెక్స్ట్ ద్వారా 112కి చెప్పే వీలుంది, కానీ దానికి మీ ఫోను నంబరు ముందే రిజిస్టర్ చేసుకుని ఉండాలి. ఇంటి దగ్గరే ఆ పని చేసుకోండి. ఎక్కే ముందు ఊళ్లో ఉన్న ఎవరికైనా, లేదా ఇంట్లో వాళ్లకి, "ఫలానా కొండ, ఇన్నింటికి దిగుతాం" అని వాట్సాప్ పెట్టండి. దిగాక ఇంకోటి పెట్టడం మర్చిపోకండి. ఒకసారి నేను మర్చిపోతే గాల్వేలో మా ఆవిడ రాత్రి ఎనిమిది దాకా ఫోను చేతిలో పట్టుకుని కూర్చుంది.

10. దిగాక

కారులో మూడు కిలోమీటర్లు పోతే డాగ్స్ బే. ఇక్కడా పేరుతో అదే కథ. ఐరిష్‌లో ఫెదోగ్ అంటే ప్లోవర్ అనే పిట్ట. 'దోగ్' మిగిలి ఇంగ్లిష్‌లో కుక్క అయిపోయింది. బూట్లు విప్పి నీళ్లలో కాళ్లు పెట్టండి, రెండు నిమిషాలు చాలు, నొప్పులన్నీ మొద్దుబారతాయి. ఇసుక గుప్పెడు తీసి అరచేతిలో దగ్గరగా చూడండి. అది రాయి పొడి కాదు. ఫోరామినిఫెరా అనే కంటికి ఆనీ ఆనని సముద్రజీవుల గుల్లలు. కొన్ని చిన్న నత్తల్లా చుట్టుకుని ఉంటాయి. ఫోన్ కెమెరాలో జూమ్ చేస్తే తెలుస్తుంది.

ఇంటికి వెళ్లాక రెండు పనులు మిగిలి ఉంటాయి. స్నానం చేసేటప్పుడు మోకాళ్ల వెనక, నడుము దగ్గర, చంకల్లో టిక్ పురుగు పట్టిందేమో చూసుకోండి, పిల్లలకైతే తల వెంట్రుకల్లో కూడా. ఉంటే సన్నని పటకారుతో చర్మానికి ఆనించి పట్టి నేరుగా పైకి లాగాలి, నలపకూడదు. తర్వాతి వారాల్లో అక్కడ గుండ్రటి ఎర్ర మచ్చ పెరిగితే డాక్టరుకి చూపించండి, లైమ్ జబ్బు కావచ్చు.

రెండోది బూట్లు. చల్లటి నీళ్లతో బురద కడిగి, లోపల పాత న్యూస్‌పేపర్ కుక్కి, పొద్దునా సాయంత్రం కాగితం మారుస్తూ నీడన ఆరబెట్టండి. తొందరపడి రేడియేటర్ మీద మాత్రం పెట్టకండి. అడుగు అతుకు ఊడిపోతుంది. నా రెండో జత పోయింది అలాగే.